మా వాడి బెలూన్లు, మా అన్న పతంగులు

ఈసారి వంట గురించి కాదు. మా అత్తమ్మ గురించి కూడా కాదు (ఆవిడ ఊపిరి పీల్చుకోవచ్చు). యుద్ధం గురించి రాస్తున్నాను. నవ్వకండి. రెండు నెలలుగా రాత్రిపూట గిన్నెలు తోమి, స్టవ్ గట్టు తుడిచి, పాలు తోడుపెట్టి, మా వాడి పక్కన కూర్చుని కోటల మీద గాలి దాడి ఎలా చెయ్యాలో నేర్చుకుంటున్నాను. ఇప్పుడు నాకు ఎయిర్ డిఫెన్స్ అంటే ఏంటో తెలుసు. బెలూన్‌కి ఎంత చోటు పడుతుందో తెలుసు. ముప్పై బెలూన్లని నిమిషంలో ఎలా తగలేసుకోవచ్చో ఇంకా బాగా తెలుసు.

ఇదంతా మొదలైంది మాత్రం నా తప్పుతో.

మా వాడు ఇంటర్ ఫస్టియర్. డిసెంబర్లో ఒక శనివారం సాయంత్రం కాలేజీ నుంచి మార్కుల మెసేజ్ వచ్చింది. ఫిజిక్స్ మార్కులు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. వాడేమో మంచం మీద పడుకుని ఫోన్లో ఎవడి కోటో కూలగొడుతున్నాడు. లాక్కున్నాను. బీరువాలో పెడితే తాళం ఎక్కడుంటుందో వాడికి తెలుసు కాబట్టి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున దూర్చేశాను.

ఎనిమిదింటికి వచ్చాడు. "అమ్మా, పది నిమిషాలియ్యవా? పదిన్నర లోపల ఒక్క అటాక్ చేసి ఇచ్చేస్త."

"అటాక్ లేదు గిటాక్ లేదు. పుస్తకం తియ్యి."

తొమ్మిదిన్నరకి మళ్ళీ వచ్చాడు. పదీ పావుకి మళ్ళీ. ఆ మూడోసారి అడుగుతున్నప్పుడు వాడి గొంతు వణికింది. నేను విన్నాను. విని కూడా చపాతీ పిండి మీద తడిగుడ్డ కప్పుతూ అటు తిరిగి ఉండిపోయాను.

పొద్దున్నే ఫోన్ తీసి ఇచ్చాను, స్క్రీన్ సందుల్లో బియ్యప్పిండి తుడిచి మరీ. చూసుకున్నాడు. బల్ల మీద బోర్లా పెట్టేశాడు. అరవలేదు, తలుపు ధడాలున వెయ్యలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది. ఐదు రోజులు "తిన్నావా" అంటే "ఆ", "పోతున్నావా" అంటే "ఆ". అంతే. వాళ్ళ నాన్న ఇంటికి వచ్చేసరికి రాత్రి పదవుతుంది, ఆయనకి ఇదేమీ పట్టలేదు. అత్తమ్మ మాత్రం, "పిల్లగాడు గట్ల గమ్మునుంటే మంచిగ లేదే" అంది.

ఆరో రోజు మెట్ల మీద పక్కింటి పిల్లాడు కనిపించాడు. మావాడి కన్నా ఏడాది చిన్న. వాడు చెప్పాడు. "ఆంటీ, మొన్న వాని అటాక్ రాలే. ఒక్క స్టార్‌తోని వార్ ఓడిపోయినం. గ్రూపులకెల్లి తీసేసిండ్రు వాన్ని."

పదిహేను మంది. అందరూ మా లాల్‌దర్వాజ, పక్కన ఉప్పుగూడ, షాలిబండ పిల్లలే. అందులో ఒకడు కువైట్ వెళ్ళిపోయి అక్కణ్ణుంచి ఆడుతున్నాడు. ఇంకొకడు లాడ్ బజార్లో గాజుల దుకాణంలో పనిచేస్తాడు, వాడే వీళ్ళకి నాయకుడు. మావాడు ఆ రాత్రి ఆఖరి దాడి తనదని, తాను చూసుకుంటానని వాళ్ళకి మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట తప్పకూడదని వీడికి మూడేళ్ళప్పటి నుంచి నూరిపోస్తున్నది నేనే. మాట తప్పించింది కూడా నేనే, బియ్యం డబ్బాతో.

ఆ రాత్రి వాడి గదిలోకి వెళ్ళి మంచం చివర కూర్చున్నాను. సారీ చెప్పడం మా ఇళ్ళల్లో అలవాటు లేదు కదా. నోరు రాలేదు. "ఆ ఆట ఏంటో నాకు నేర్పుతావా" అన్నాను.

వాడు నన్ను అనుమానంగా చూశాడు. ఫోన్ ఎత్తుకుపోవడానికి ఇదొక కొత్త ఎత్తు అనుకుని ఉంటాడు.

ఆట పేరు క్లాష్ ఆఫ్ క్లాన్స్. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది, ఒకసారి పిల్లల ఫోన్లో చూడండి. ఫిన్లాండ్ దేశంలోని సూపర్‌సెల్ అనే కంపెనీ 2012లో తెచ్చిందట. మనకొక ఊరు ఉంటుంది. దాని నడుమ టౌన్ హాల్, చుట్టూ ఫిరంగులు, బురుజులు, గోడలు. మనం వేరేవాళ్ళ ఊరి మీద పడతాం, వాళ్ళు మన మీద పడతారు. వార్ అంటే ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ పోటీ. ఒక రోజు సర్దుకోవడానికి, ఒక రోజు కొట్టుకోవడానికి. కొట్టుకునే రోజు ఒక్కొక్కరికి రెండే దాడులు, దాడికి మూడు నిమిషాలు. సగం ఊరు పడగొడితే ఒక నక్షత్రం, టౌన్ హాల్ పడితే ఒకటి, మొత్తం నేలమట్టమైతే ఇంకొకటి. ఆ రోజు దాటితే ఇక లేదు. పదిన్నర అంటే పదిన్నరే.

"నేల మీద పోయేటోళ్ళు వేరు, గాలిల పోయేటోళ్ళు వేరమ్మా. నేను గాలిల ఆడుత" అన్నాడు. ఐదు రోజుల తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యాలివి.

గాలి దాడిలో ఉన్న సుఖం ఏంటంటే గోడలు అడ్డం రావు. నేల మీది సైన్యం గోడ దగ్గర ఆగి బద్దలుకొడుతూ ఉంటే, బెలూన్లూ డ్రాగన్లూ పైనుంచి పోతూనే ఉంటాయి. ఫిరంగీ మోర్టారూ వాటినేమీ చెయ్యలేవు, అవి నేల మీదికే పేలుస్తాయి. "మరింకేం, అందరూ గాలిలోనే పోవచ్చు కదరా" అన్నాను. వాడు నవ్వాడు. నవ్వి, ఎదుటి ఊరిలో మూతి పైకెత్తుకుని ఉన్న ఒక యంత్రం చూపించాడు. అదే ఎయిర్ డిఫెన్స్. నేల మీద ఎవరు పోయినా పట్టించుకోదు, గాలిలో పోయేదాన్ని మాత్రం బతకనివ్వదు. పెద్ద ఊళ్ళల్లో ఇలాంటివి నాలుగుంటాయి. విలుకాళ్ళ బురుజులు నేలా గాలీ రెండూ చూస్తాయి. మంత్రగాళ్ళ బురుజులు గుంపుగా వచ్చినవాళ్ళని ఒక్క దెబ్బకి అందరినీ కాలుస్తాయి. ఇవి కాక కనపడకుండా దాచిన గాలి బాంబులు. వాటిలో ఒక రకం గుంపు మధ్యలో పేలుతుంది, ఇంకో రకం ఒక్కదాన్నే ఎంచుకుని వెతుక్కుంటూ పోయి గట్టి దెబ్బ కొడుతుంది.

సైన్యానికి చోటు లెక్క ఉంటుంది. ఇది నాకు చప్పున అర్థమైంది, మనం డబ్బాలు సర్దుకునేవాళ్ళం కదా. మావాడి శిబిరాల్లో 220 చోట్లు. డ్రాగన్‌కి 20 పడతాయి. బెలూన్‌కి 5. మినియన్ అని నీలం రంగు బుల్లి దయ్యాలు, వాటికి 2. లావా హౌండ్ అని రాతి కుక్కలాంటి పెద్దది, దానికి 30. మావాడి పద్ధతి రెండు హౌండ్లు, ముప్పై బెలూన్లు, ఐదు మినియన్లు. అరవై, నూటయాభై, పది. సరిగ్గా 220. గ్రూపులోవాళ్ళని అడిగితే ఇంకో హౌండ్ పంపిస్తారు, ఎదురింట్లో కరివేపాకు అడిగినట్టు. మనం కూడా ఎప్పుడైనా పంపాలి మరి. ఎప్పుడూ తీసుకునేవాడే అయితే అక్కడా చెడ్డపేరే.

బెలూన్ అంటే నిజంగా బెలూనే. కింద బుట్టలో ఒక అస్థిపంజరం కూర్చుని బాంబులు జారవిడుస్తుంటుంది. చాలా నెమ్మది. ఇళ్ళూ, బంగారు గనులూ ఏవి కనిపించినా ఆగదు, ముందు ఆయుధాల మీదకే పోతుంది. సరిగ్గా నెత్తి మీదికి చేరాక గానీ బాంబు వెయ్యదు. చేరిందా, ఆ ఫిరంగి పని అయిపోయినట్టే. చేరేదాకా మాత్రం దాని ప్రాణానికి భరోసా లేదు.

వాడి ఫోన్ ఇచ్చి నన్ను ఒక మామూలు దాడి చెయ్యమన్నాడు. వార్ కాదు కాబట్టి ఓడినా ఏం పోదట. నేను ఒక మూల చూసుకుని ముప్పై బెలూన్లూ ఒక్కచోటే గుప్పించాను, పోపులో ఆవాలు వేసినట్టు. ఏదో గొప్ప బలగం వెళ్తున్నట్టే ఉంది చూడ్డానికి. రెండు గాలి బాంబులు, ఒక మంత్రగాడి బురుజు. అంతే. బుట్టలు బుట్టలుగా రాలిపోయాయి. ఐదు మినియన్లు ఏం చెయ్యాలో తెలియక ఒక గుడిసెను పొడుస్తూ మిగిలాయి.

"అమ్మా, అన్నీ ఒక్కతాన వేస్తరా!" అని వాడు పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు కోసం ఇంకో ముప్పై తగలేసేదాన్ని.

తర్వాత వాడు చేసి చూపించాడు. ముందు హౌండ్లని వదిలాడు, రెండు ఎయిర్ డిఫెన్సులకి ఎదురుగా ఒక్కొక్కటి. హౌండ్ కొట్టే దెబ్బ అసలు దెబ్బే కాదు, దోమ కుట్టినట్టు. దాని గొప్పంతా ఓర్చుకోవడంలో ఉంది. ఎయిర్ డిఫెన్స్ తన పరిధిలోకి ముందు ఎవరొస్తే వాళ్ళని పట్టుకుంటుంది, చచ్చేదాకా వదలదు. కాబట్టి ముందు హౌండ్ పోవాలి. అది దెబ్బలు తింటూ ఉంటే, రెండు మూడు క్షణాలు ఆగి, వెనకనుంచి బెలూన్లు. అవి కూడా ఒక్కచోట కాదు, ఆయుధానికి రెండు మూడు చొప్పున అంచు పొడవునా చల్లుకుంటూ పోయాడు, ముగ్గు వేసేటప్పుడు చుక్కలు పెట్టినట్టు. ఒక బెలూన్ తొందరపడి హౌండ్‌ని దాటిందా, దాని సంగతి అంతే.

"ఇప్పుడు దాన్ని ఇటు తిప్పు, అక్కడ ఇంకో ఫిరంగి ఉంది చూడు" అన్నాను.

"తిప్పరాదు."

"ఎందుకు?"

"వదిలినంక మన మాట వినవమ్మా. ఎక్కడ వదలాలె, ఎప్పుడు వదలాలె, ఎవల ఎన్క ఎవలు... గంతే మన చేతిల ఉండేది. ఇగ అవే పోతయి."

మంత్రాలు ఉన్నాయట, త్వరగా పోయేలా చేసేది ఒకటి, కోపం తెప్పించేది ఒకటి. అవి కూడా బెలూన్లు ఉన్నచోట వేస్తే దండగ. మంత్రం పనిచేసేలోపు అవి దాటిపోతాయి. అవి చేరబోయే చోట ముందుగానే వేసి పెట్టాలి. నేను వాడి ముఖం చూస్తూ కూర్చున్నాను. పదహారేళ్ళ పిల్లాడు, కింది పెదవి పళ్ళతో నొక్కిపెట్టి, బొటనవేలు గాలిలో ఆపి, ఎప్పుడు వదలాలా అని లెక్కపెట్టుకుంటున్నాడు. ఫిజిక్స్ రాదని నేను తిట్టింది వీడినేనా అనిపించింది. (ఫిజిక్స్ రావాలి, అది వేరే విషయం. దాని సంగతి తర్వాత మాట్లాడుకున్నాం, వదిలిపెట్టలేదు.)

ఇంకొకావిడ ఉంది అందులో, హీలర్. తెల్లబట్టలు, రెక్కలు. గాలిలో ఎగురుతుంది కానీ ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టదు. నేల మీద పోరాడేవాళ్ళ వెనక తిరుగుతూ గాయాలు మాన్పుతుంది. తనలా గాలిలో ఎగిరేవాళ్ళకి మాత్రం వైద్యం చెయ్యలేదు. ఇంకో హీలర్‌కీ చెయ్యలేదు. తనకి తను అసలే చేసుకోలేదు. ఎయిర్ డిఫెన్స్ కంట్లో పడితే మాత్రం అందరికంటే ముందు ఈవిడే రాలుతుంది. మావాడు ఇదంతా రైళ్ళ టైమింగులు చదివినట్టు చదివేసి తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయాడు. నేను, "ఆగాగు, ఆమెని ఇంకోసారి చూపించు" అన్నాను. చూశాను. సరే, పోనీ అన్నాను.

ఎయిర్ స్వీపర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నేనే వాడికి పాఠం చెప్పాను. అది పెద్ద గొట్టంలాంటి యంత్రం. దెబ్బ కొట్టదు, గాలి ఊదుతుంది. వచ్చే బెలూన్లని వెనక్కి నెట్టేస్తుంది. అవి అలా గాలికి ఎదురీదుతూ ఉన్నచోటే ఊగిసలాడుతుంటే చుట్టుపక్కల బురుజులు తాపీగా కాల్చేస్తాయి. "ఇదొక్కటే నాకు కష్టంగుంటది" అన్నాడు.

"అది ఎటు తిరిగి ఉంది?"

"అగో, అటు. ఒక్క దిక్కుకే ఊదుతది."

"మరి దాని వెనకనుంచి రారాదూ? గాలికి ఎదురు ఎవరు ఎగరేస్తారురా?"

వాడు తల ఎత్తి చూశాడు. "నీకెట్ల ఎరుక?"

ఎట్లా ఎరుకంటే, నేను పుట్టింది గౌలిపురాలో. డాబాల మీద పెరిగాను.

పాతబస్తీలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సంక్రాంతి నెల వస్తే మాకు ముగ్గులు ఎంతో పతంగులు అంత. గుల్జార్‌హౌజ్ దుకాణాల ముందు పతంగులు కట్టలు కట్టలుగా వేలాడేవి, ధూల్‌పేటలో ఇంటింటా చేసేవాళ్ళు. అన్నలిద్దరూ నెల రోజుల ముందు నుంచీ పైసలు కూడబెట్టేవాళ్ళు. అన్నం గంజిలో గాజుపొడి, రంగు కలిపి, రెండు స్తంభాల మధ్య దారం లాగి మాంజా పట్టించేవాళ్ళు. నా పని చర్ఖా. పతంగి ఎగరేసేవాడు ఆకాశంలో ఉంటాడు, చర్ఖా పట్టుకునేది వాడి వెనక నిలబడుతుంది. ఆరో క్లాసు నుంచి పెళ్ళయ్యేదాకా ప్రతి సంక్రాంతికీ నేను చర్ఖా పట్టుకున్నాను. ఒక్కసారి కూడా పతంగి నా చేతికి ఇవ్వలేదు. "ఆడపిల్ల, వేళ్ళు తెగుతయి" అనేది అమ్మ. చర్ఖా పట్టుకున్నా వేళ్ళు తెగుతాయి. నా ఎడమ చూపుడువేలు మీద గీత ఇప్పటికీ ఉంది. ఆ మాట అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు.

పతంగుల యుద్ధం పైకి చూసేవాళ్ళకి కాగితాలు కొట్టుకున్నట్టు ఉంటుంది. కొట్టుకునేది దారాలు. రెండు దారాలు ఒకదాని మీద ఒకటి పడితే పేంచ్ పడ్డట్టు. అప్పుడు రెండే దారులు. ఒకటి ఖీంచ్, గబగబా లాగెయ్యడం. రెండోది ఢీల్, దారం వదులుతూ పోవడం. ఏది చేసినా దారం కదులుతూ ఉండాలి. ఆగిన దారం ఒక్కచోటే రాపిడి తిని తెగుతుంది. అన్న "ఢీల్!" అని అరిస్తే నేను చర్ఖా రెండు కొసలూ అరచేతుల్లో తేలిగ్గా ఆనించి, బుర్రుమని తిరగనివ్వాలి. అది తిరిగే చప్పుడు బట్టి పతంగి ఎంత దూరం పోయిందో, గాలి ఎంత ఉందో చూడకుండానే చెప్పేదాన్ని. "ఖీంచ్" అంటే అన్న కాళ్ళ దగ్గర పడే దారాన్ని చిక్కు పడకుండా చుట్టేసుకోవాలి. ఎదుటివాడిది తెగితే డాబాలన్నీ కలిసి "అఫా!" అని అరిచేవి. మాది తెగితే అన్న నా మీద అరిచేవాడు, చర్ఖా గట్టిగా పట్టుకున్నావని.

కొన్నిసార్లు అది నిజమే. పతంగి అంత దూరం పోతుంటే భయమేసి, తెలియకుండానే వేళ్ళు బిగుసుకునేవి.

ఇవన్నీ మావాడికి చెప్తుంటే ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. "నువ్వు ఒక్కసారన్న ఎగరేయలేదా?" అన్నాడు. లేదన్నాను. "చాన్స్ అడగలేదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక నేను చెయ్యాల్సింది ఒకటి మిగిలింది. ఆదివారం మధ్యాహ్నం మావాడికి చెప్పకుండా లాడ్ బజార్ వెళ్ళాను, గాజులు కొనే మిష మీద. ఆ నాయకుడు పిల్లాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో, సన్నగా, గడ్డం అప్పుడప్పుడే వస్తోంది. నాకు రాళ్ళ గాజుల సెట్టు చూపిస్తున్నాడు. "బాబూ, నేను ఫలానా వాళ్ళమ్మని" అన్నాను. చేతిలో గాజులు అలాగే ఆగాయి. "ఆ రోజు వాడి తప్పు లేదు. ఫోన్ నేను దాచాను. బియ్యంలో" అన్నాను. కొడుక్కి చెప్పలేని సారీ ఎవరో పిల్లాడికి ఎంత సులువుగా చెప్పేశానో!

వాడు తల గోక్కున్నాడు. "బియ్యంల?" అన్నాడు. తర్వాత, "మాకు చెప్పలేదు ఆంటీ వాడు. ఫోన్ ఖరాబ్ అయింది అన్నడు."

నా మీద చెప్పలేదు. పదిహేను మందీ తిడుతుంటే, గ్రూపులోంచి తీసేస్తుంటే కూడా అమ్మ తీసుకుందని చెప్పలేదు. దుకాణంలో అంతమంది మధ్య కళ్ళు తుడుచుకోవడం ఇష్టంలేక గాజుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"తీస్కుంటం ఆంటీ, వాపస్ తీస్కుంటం. గని వార్ రోజు ఫోన్ దాచొద్దు" అన్నాడు. నేనూ నా షరతు పెట్టాను. వార్ శని, ఆదివారాల్లోనే పెట్టుకోవాలి, పరీక్షలప్పుడు అసలు వద్దు. "మా అమ్మీ కూడా గదే అంటది" అన్నాడు. గాజులకి నలభై రూపాయలు తగ్గించాడు కూడా.

సంక్రాంతికి సకినాలు చెయ్యడం ముందురోజే ముగించేశాను. పొద్దున పదకొండింటికి నేనూ మావాడూ డాబా ఎక్కాం. గుల్జార్‌హౌజ్ నుంచి పన్నెండు పతంగులు, రెండు చర్ఖాలు తెచ్చాడు. మాంజా వేలితో నలిపి చూశాను, నూలుదే. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా అమ్మేవాళ్ళు అమ్ముతున్నారు, బండి మీద పోయేవాళ్ళ గొంతులు తెగుతున్నాయి, పావురాల రెక్కలు తెగుతున్నాయి. ఫోన్లో బెలూన్ పడిపోతే మళ్ళీ తయారవుతుంది, ఇక్కడ అలా కాదు కదా. ఇంట్లోకి అది రానిచ్చేది లేదని ముందే చెప్పాను. మీరూ నలిపి చూసే కొనండి. నూలు చేత్తో లాగితే తెగుతుంది, నైలాన్ సాగుతుంది.

"ఇయ్యాల నువ్వు ఎగరెయ్యి, నేను చర్ఖా పడత" అన్నాడు.

నాకు నలభై మూడేళ్ళు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని నిలబడ్డాను. ఎదురు డాబా మీద ఖాలా, వాళ్ళ కోడళ్ళు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నారు. మా అత్తమ్మ మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. "ఏమో తల్లీ, ఇదేం ఇంతనో" అంది కానీ లేచి పోలేదు.

మొదటి రెండూ లేవలేదు. ఒకటి నీళ్ళ ట్యాంకుకి కొట్టుకుంది, ఒకటి కరెంటు తీగ మీద పడింది. ముప్పై ఏళ్ళు చూసినంత మాత్రాన చేతులకి రాదు. మూడోది లేచింది. దారం వేళ్ళని లాగడం మొదలుపెట్టింది. ఆ లాగుడు చర్ఖా పట్టుకున్నప్పుడు తెలిసే లాగుడు కాదు. అటువైపు ఏదో బతికి ఉన్నట్టు ఉంటుంది. అన్నలు ఇన్నేళ్ళూ నాకు చెప్పకుండా దాచిపెట్టింది ఇదా అనిపించి కోపమొచ్చింది, నిజంగా.

రెండు గల్లీల అవతల నుంచి ఎర్రది ఒకటి వచ్చి నా దారం మీద పడింది. పేంచ్.

"ఢీల్!" అని అరిచాను.

వెనక చర్ఖా తిరిగిన చప్పుడు రాలేదు. దారం బిర్రుగా నిలబడిపోయింది. ఒక్క క్షణం. చేతిలో బరువు ఒక్కసారిగా పోయింది. నా పచ్చ పతంగి పక్కకి ఒరిగి, ఊగుతూ, ఉప్పుగూడ వైపు వెళ్ళిపోయింది. ఎక్కడో "అఫా!" అని అరిచారు.

తిరిగి చూశాను. మావాడు చర్ఖా రెండు చేతులతో బిగించి పట్టుకుని నిలబడి ఉన్నాడు, వేళ్ళు తెల్లబడేలా.

"పోతదేమో అని పట్టుకున్న" అన్నాడు.

"నేనూ అంతే పట్టుకునేదాన్ని" అన్నాను.

అప్పుడే వాడి జేబులో ఫోన్ మోగింది. ఆ రోజు వాళ్ళకి వార్. వాడు తీసి చూశాడు. "అటాక్ రాత్రికి. ఇంకా ఆరు గంటలున్నది" అని ఫోన్ తెచ్చి నా చేతికిచ్చాడు. "నీ దగ్గర పెట్టు. ఎనిమిదింటికి ఇయ్యి."

ఫోన్ తీసుకెళ్ళి అత్తమ్మ ఒళ్ళో పెట్టాను. "బియ్యంల పెట్టనా?" అంది ఆవిడ. ఖాలా వాళ్ళకి కూడా వినిపించింది, అందరూ ఒకటే నవ్వు.

నాలుగో పతంగికి రెండు చిల్లులు పొడిచి దారం ముడేశాను. వాడు వెళ్ళి డాబా ఆ చివర నిలబడి ఎత్తి వదిలాడు. లేచింది. పరుగెత్తుకొచ్చి చర్ఖా అందుకున్నాడు. ఈసారి కొసలు రెండూ అరచేతుల్లో ఆనించుకున్నాడు, వేళ్ళు విప్పి. ఎర్రది మళ్ళీ వస్తోంది. నా దారం మీద పడేదాకా ఆగాను.

"ఢీల్" అన్నాను.